పెట్రోలు ట్యాంకు మూత: మార్చడం తేలిక, ఎంచుకోవడమే అసలు పని

కారు పెట్రోలు ట్యాంకు మూత మార్చడానికి అర నిమిషం చాలు. పాతది ఎడమకి తిప్పి తీస్తాం, కొత్తది కుడికి తిప్పి బిగిస్తాం. స్పానరు అక్కర్లేదు, జాకీ అక్కర్లేదు, కారు కింద దూరక్కర్లేదు. ఇంత తేలిక పని చేశాక కూడా చెక్ ఇంజిన్ లైటు ఆరలేదనీ, మార్చిన తర్వాతే కొత్తగా వెలిగిందనీ, కాస్త దూరం పోయేసరికి బండి గుంజుకుంటూ ఆగిపోతోందనీ వాపోయేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. బిగించడం రాక కాదు. ట్యాంకు మెడకి, అంటే పెట్రోలు పోసే గొట్టం మూతికి, పట్టింది కదా అని దొరికిన మూత పెట్టేసి ఉంటారు. మూత మెడకి పడితే చాలదు, ఆ ట్యాంకు గాలి పీల్చి వదిలే తీరుకి కూడా కుదరాలి. ఈ సంగతి ఒక్కటి బోధపడితే మిగతా చిక్కుముళ్లు వాటంతటవే విడిపోతాయి.

ట్యాంకు ఊపిరి

ట్యాంకులో పెట్రోలు పోగా మిగిలిన చోటంతా గాలీ, పెట్రోలు ఆవిరీ నిండి ఉంటాయి. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ పంపు పెట్రోలుని లాగేస్తూ ఉంటుంది. లాగిన మేరకు పైనుంచి గాలి లోపలికి రావాలి. నూనె డబ్బాకి ఒక్క చిల్లే పెట్టి వంపితే ధార ఆగి ఆగి పడుతుంది, రెండో పక్క ఇంకో చిల్లు పెడితేగానీ సాఫీగా రాదు. ట్యాంకుదీ అదే తీరు. గాలి వచ్చే దారి మూసుకుపోతే లోపల శూన్యం పెరిగి పంపు ఎంత లాగినా పెట్రోలు కదలదు, ఇంజిన్ నీరసించి ఆగిపోతుంది. రేకు పలచగా ఉంటే ట్యాంకే లోపలికి సొట్టపోవచ్చు.

ఎండలో నిలిపిన కారులో జరిగేది దీనికి సరిగ్గా ఎదురు. పెట్రోలు మామూలు వేడికే ఆవిరవుతుంది, ఎండ ముదిరేకొద్దీ ఆ ఆవిరి వ్యాకోచించి బయటికి తోసుకొస్తుంది. దానికీ దారి ఉండాలి. పాత కార్లలో ఈ రెండు పనులూ మూతే చూసుకునేది. దానికి సన్నటి రంధ్రం ఉండేది, గాలి లోపలికి పోయేది, ఆవిరి బయటికి వచ్చేది, అంతటితో సరి. ఇలాంటి వాటిని వెంటెడ్ మూతలంటారు.

అయితే అలా బయటికి పోయే ఆవిరి ఊరికే పోదు. అందులోని హైడ్రోకార్బన్లు ఎండలో నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి నేలమట్టంలో ఓజోన్‌ని పుట్టిస్తాయి, నగరాల మీద కమ్ముకునే పొగమంచుకి అదొక ముఖ్య కారణం. పైగా క్యాన్సర్ కారకంగా రుజువైన బెంజీన్ కూడా ఆ ఆవిరిలో ఉంటుంది. అందుకే కాలిఫోర్నియా 1970 మోడళ్ల నుంచి, అమెరికా అంతటా 1971 మోడళ్ల నుంచి ట్యాంకు ఆవిరిని గాలిలోకి వదలడానికి వీల్లేదన్నారు. తర్వాత మిగతా దేశాలూ క్రమంగా అదే దారి పట్టాయి. దీనికోసం పుట్టిన ఏర్పాటునే ఈవ్యాప్ వ్యవస్థ అంటారు.

అది పనిచేసే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ట్యాంకు పైభాగం నుంచి ఒక గొట్టం యాక్టివేటెడ్ కార్బన్ నింపిన డబ్బాకి వెళ్తుంది. మెకానిక్‌లు దాన్ని చార్‌కోల్ క్యానిస్టర్ అంటారు. ఆ బొగ్గు గుళికల నిండా కంటికి కనిపించని రంధ్రాలుంటాయి, పెట్రోలు ఆవిరి ఆ రంధ్రాల గోడలకి అంటుకుని నిలిచిపోతుంది. ఇంజిన్ నడుస్తూ వేడెక్కాక కారులోని కంప్యూటర్ ఈ డబ్బాకీ ఇంజిన్‌కీ మధ్యనున్న పర్జ్ వాల్వ్‌ని తెరుస్తుంది. అప్పుడు ఇంజిన్ తన పీల్పుతో బొగ్గులోని ఆవిరిని లాక్కుని కాల్చేస్తుంది. గాలిలో కలిసిపోవాల్సిన పెట్రోలు చక్రాలు తిప్పడానికి పనికొస్తుంది. ట్యాంకుకి కావలసిన గాలి కూడా ఈ డబ్బాకున్న వెంట్ వాల్వ్ గుండానే వస్తుంది.

అంటే ఈవ్యాప్ ఉన్న కారులో ఊపిరి దారి మూత నుంచి డబ్బాకి మారింది. మూతకి మిగిలిన ముఖ్యమైన పని గాలి చొరకుండా బిగుసుకుని ఉండటం. అయినా ఈ మూతల కడుపులో సాధారణంగా చిన్న స్ప్రింగు వాల్వ్‌లు ఉంటాయి. డబ్బా దారి ఎక్కడైనా మూసుకుపోయి లోపల శూన్యం హద్దు దాటితే ఒకటి తెరుచుకుని గాలిని లోపలికి వదులుతుంది. ఒత్తిడి హద్దు మీరితే ఇంకొకటి తెరుచుకుంటుంది. మామూలు రోజుల్లో రెండూ మూసుకునే ఉంటాయి, ఆపద వేళకే తెరుచుకుంటాయి.

ఇప్పుడు తారుమారు చేసి చూడండి. ఈవ్యాప్ కారుకి రంధ్రమున్న పాతకాలపు మూత పెడితే ఆవిరి అటునుంచే పోతుంది, కంప్యూటర్ దాన్ని పెద్ద లీకుగా పట్టుకుని లైటు వెలిగిస్తుంది. మూత ద్వారానే ఊపిరి పీల్చే పాత కారుకి పూర్తిగా మూసుకుపోయే మూత పెడితే కాసేపటికి బండి ఆగిపోతుంది. ఆపి మూత తీస్తే ‘సుయ్’మని గాలి లోపలికి దూసుకుపోతుంది, మళ్లీ స్టార్ట్ అవుతుంది, మళ్లీ కాస్త దూరంలో ఆగుతుంది. ఈ లక్షణం తెలియక పెట్రోలు పంపు, ఫిల్టరు మార్పించేవాళ్లుంటారు. గోటితో పోయేది గొడ్డలిదాకా పోవడమంటే ఇదే.

మూత తీసినప్పుడు కాస్త గాలి చప్పుడు రావడం చాలా కార్లలో సహజమే, దానికి కంగారు పడక్కర్లేదు. ప్రతిసారీ గట్టిగా బుస్సుమంటూ, తీయడానికి మూత మొరాయిస్తూ ఉంటే మాత్రం ఎక్కడో వెంట్ దారి మూసుకుపోయినట్టే. అప్పుడు కొత్త మూత కొని ప్రయోజనం లేదు.

డీజిల్ కార్ల సంగతి వేరు. డీజిల్ మామూలు వేడికి పెద్దగా ఆవిరి కాదు, కాబట్టి వాటికి ఈ బొగ్గు డబ్బా ఏర్పాటే ఉండదు. మూత వదులైందని వాటిలో లైటు వెలగదు. అలాగని పెట్రోలు కారు మూత తెచ్చి డీజిల్ కారుకి పెట్టకూడదు, వాల్వ్‌ల అమరిక వేరుగా ఉండొచ్చు. కొన్ని కొత్త డీజిల్ కార్లలో పక్కనే నీలి రంగు మూత ఒకటి కనిపిస్తుంది. అది యాడ్‌బ్లూ అనే యూరియా ద్రావణం పోసే చోటు, ఇంధనానిది కాదు. దాని మూత దానిదే.

కంప్యూటర్ మూతని ఎలా కనిపెడుతుంది

అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, కారు తన లోపాల్ని తనే పసిగట్టే ఓబీడీ-2 ఏర్పాటు తప్పనిసరైంది. ఈవ్యాప్‌లో 1 మిల్లీమీటరు చిల్లు ఉన్నా కారు తనంతట తనే కనిపెట్టాలన్నారు, 2000 నుంచి కాలిఫోర్నియా దాన్ని అర మిల్లీమీటరుకి బిగించింది. అర మిల్లీమీటరంటే గుండుసూది మందం కూడా ఉండదు. మూత రబ్బరు మీద వెంట్రుకవాసి చీలిక పడినా లైటు వెలగడానికి కారణం ఈ నిబంధనే. ఆ ఏర్పాటు మరికొన్ని దేశాల్లో అమ్మే కార్లలోకీ చేరింది.

మూత బిగించారో లేదో చెప్పే సెన్సర్ సాధారణంగా మూతలో ఉండదు. కంప్యూటర్ వ్యవస్థ మొత్తాన్నీ మూసేసి ఒత్తిడి నిలుస్తుందా లేదా అని చూస్తుంది. కొన్ని కార్లు ఇంజిన్ పీల్పుతో ట్యాంకులో కొద్దిపాటి శూన్యం సృష్టించి, దారులన్నీ మూసి, అది ఎంతసేపట్లో తగ్గిపోతుందో లెక్కకడతాయి. కొన్ని ఇంజిన్ ఆపాక ట్యాంకు చల్లారే క్రమాన్నే వాడుకుంటాయి. గాలి చొరబడని ట్యాంకు చల్లారితే లోపల శూన్యం ఏర్పడి తీరాలి, ఏర్పడలేదంటే ఎక్కడో చిల్లుంది. మరికొన్నిట్లో చిన్న విద్యుత్ పంపు ఉంటుంది. కొన్ని టొయోటా కార్లలో బండి ఆపిన 5 గంటలకి అది దానంతటదే మేలుకుని పరీక్ష చేస్తుంది. అర్ధరాత్రి నిలిపిన కారు వెనకనుంచి సన్నటి రొద వినిపిస్తే భయపడేవాళ్లున్నారు, అది ఈ పరీక్షే కావచ్చు.

పరీక్ష తప్పితే ఆ లోపానికి గుర్తుగా కంప్యూటర్‌లో ఒక కోడ్ నమోదవుతుంది. పీ0455 అంటే పెద్ద లీకు. పీ0442 చిన్న లీకు, పీ0456 మరీ చిన్నది. పీ0457 మాత్రం సూటిగా మూతని అనుమానిస్తుంది. పెట్రోలు పోయించుకున్న వెంటనే లీకు మొదలైతే కంప్యూటర్ ఇలా తేల్చే కార్లున్నాయి. ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. మొదటి మూడు కోడ్‌లూ లీకు ఎంతుందో చెబుతాయిగానీ ఎక్కడుందో చెప్పవు. గొట్టం పగిలినా, పర్జ్ వాల్వ్ సరిగా మూసుకోకపోయినా, వెంట్ వాల్వ్‌లో దుమ్ము ఇరుక్కున్నా అవే కోడ్‌లు వస్తాయి. మూతని మొదట అనుమానించడం సబబే, ఎందుకంటే రోజూ చేతుల్లో నలిగేది అదే, అన్నిటికన్నా చవకా అదే. కానీ కోడ్ చూడగానే మూత పోయిందని తీర్పు చెప్పేస్తే తొందరపాటవుతుంది.

పాతదాన్ని ఒకసారి చేతిలోకి తీసుకోండి

కొత్తది కొనే ముందు పాత మూతని వెలుతురులో చూడాలి. మూత లోపలివైపు, మర గాడుల మొదట్లో నల్లటి రబ్బరు రింగు ఉంటుంది. పనంతా చేసేది అదే. బాగున్న రింగు మెత్తగా, కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, గోరుతో నొక్కితే లొంగి మళ్లీ లేస్తుంది. అలసిపోయిన రింగు మెడ అంచు నొక్కుకున్న చోట చదునుగా అణిగిపోయి నున్నగా మెరుస్తూ ఉంటుంది. రింగుని వేళ్లమధ్య పట్టుకుని మెల్లగా వంచండి. నిటారుగా ఉన్నప్పుడు కనపడని సన్నటి పగుళ్లు వంచినప్పుడు నోళ్లు తెరుస్తాయి. ఒక్కోసారి రింగు బాగానే ఉంటుంది, దాని మీద ఇసుక రేణువో నూలుపోగో అంటుకుని ఉంటుంది. అలాంటప్పుడు శుభ్రంగా తుడిచి బిగిస్తే సరిపోతుంది, ఖర్చే లేదు. కొన్ని మూతలకి రింగు ఒక్కటే విడిగా దొరుకుతుంది కూడా.

తర్వాత క్లిక్ సంగతి. మూత బిగిస్తే టక్‌మని చప్పుడొస్తుంది కదా, ఆ చప్పుడు చేసేది లోపలున్న రాచెట్. మనం పట్టుకుని తిప్పే పైభాగం వేరు, మరలున్న లోపలి భాగం వేరు. బిగింపు ఒక హద్దుకి చేరగానే పైభాగం జారిపోతూ చప్పుడు చేస్తుంది. మనిషి బలాన్ని బట్టి బిగింపు మారకుండా, రబ్బరు నలిగిపోకుండా ఉండాలని పెట్టిన ఏర్పాటిది. ఆ పళ్లు అరిగిపోతే రబ్బరు ఇంకా నొక్కుకోకముందే చప్పుడు వచ్చేస్తుంది, లేదంటే ఎంత తిప్పినా రాదు. మూత బిగుసుకుందని మనం అనుకుంటాం, అది వదులుగానే ఉంటుంది. బిగించాక పట్టుకుని అటూ ఇటూ కదిపితే ఆడుతోందంటే, రబ్బరు కొత్తదానిలా ఉన్నా సరే, ఆ మూత పని అయిపోయినట్టే.

మూత ఒక్కటే చూస్తే సగం చూసినట్టు. రబ్బరు ఆనేది మెడ అంచు మీద. రేకు మెడైతే ఆ అంచు చుట్టూ శుభ్రమైన గుడ్డ కట్టిన వేలితో ఒకసారి తిప్పండి. గరుకుగా తగిలినా, పొక్కుల్లా లేచినా తుప్పు మొదలైంది. తుప్పు పట్టిన అంచు మీద ఎంత మంచి మూతా పూర్తిగా కూర్చోదు. ఈ తుప్పు వెనక సాధారణంగా ఎవరూ పట్టించుకోని ఒక చిన్న కంత ఉంటుంది. చాలా కార్లలో మూత చుట్టూ ఉన్న గుంటలాంటి చోట అడుగున నీరు జారిపోవడానికి ఒక రంధ్రం పెడతారు. అందులో మట్టి, ఎండాకులు పేరుకుంటే వాన నీరూ, కడిగిన నీరూ గుంటలోనే నిలిచిపోయి రోజుల తరబడి మెడని నానబెడతాయి. ముందు మూత గట్టిగా పెట్టి, కాసిని నీళ్లు ఆ గుంటలో పోసి చూడండి. వెంటనే కిందికి జారిపోవాలి. నిలిచిపోతే మెత్తటి ప్లాస్టిక్ పుల్లతో మెల్లగా కెలికి దారి చేయాలి. మూత మార్చినా మార్చకపోయినా ఏడాదికోసారి ఈ పని చేయడం మంచిది.

ఏది కొనాలి

మూతల అంగడిలో సార్వజనీన మూతలని, అన్ని కార్లకీ సరిపోతాయని అమ్మేవి ఉంటాయి. నా మాట వింటే వాటి జోలికి పోకండి. మరల మధ్య దూరం, మెడ లోతు, అంచు వెడల్పు, వాల్వ్‌లు తెరుచుకునే ఒత్తిడి ఇవన్నీ కారు కారుకీ మారతాయి. అన్నిటికీ సరిపోయేలా చేసింది ఏ ఒక్కదానికీ సరిగ్గా సరిపోయే అవకాశం తక్కువ. దారిలో మూత పోగొట్టుకుంటే ఇల్లు చేరేదాకా ఆదుకోవచ్చు, అంతవరకే.

నమ్మకమైన దారి పార్ట్ నంబరు. పాత మూత లోపలివైపో, రాచెట్ చుట్టూనో అది అచ్చై ఉంటుంది. అరిగిపోయి కనపడకపోతే కారు ఛాసిస్ నంబరు చెబితే సరైన మూత ఏదో చెప్పగలరు. మోడల్ పేరు ఒక్కటే చెప్పి తెచ్చుకోవడంలో ప్రమాదం ఉంది. ఒకే పేరుతో వచ్చే కార్లలోనే ఇంజిన్‌ని బట్టి, తయారైన ఏడాదిని బట్టి మూత మారుతుంది. కొన్నిటికి ఒకటికి మించి చుట్లు తిరిగే మరలుంటాయి, కొన్నిటికి పావు చుట్టు తిప్పితే గాడిలో పడే రకం. రెండోది అచ్చం అలాగే కనిపించే ఇంకో మెడలో సగం దూరి ఆగిపోతుంది, బిగుసుకున్నట్టే అనిపిస్తుంది. అక్కడే మోసపోతాం.

రబ్బరు కూడా చూసుకోవాల్సిందే. పెట్రోలులో ఇథనాల్ కలపడం చాలా దేశాల్లో పెరుగుతోంది. దానికి తగని రబ్బరు ఇథనాల్ తగిలితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది, అలా అలా గట్టిపడి పగులుతుంది. కారు కంపెనీ సూచించిన మూతల్లో ఆ కారు తాగే ఇంధనానికి తగ్గ రబ్బరే వాడతారు. ఊరూ పేరూ లేని మూత మీద ఆ భరోసా ఉండదు. ఆర్నెల్లకే మళ్లీ లైటు వెలిగితే మిగిల్చుకున్నది ఏమీ లేదు.

తాళంచెవితో తీసే మూతల గురించి అడిగేవాళ్లు ఎక్కువ. ట్యాంకు తలుపుకి లోపలినుంచి తాళం పడే కారైతే వాటి అవసరం లేదు. తలుపు బయటినుంచే తెరుచుకునే కారై, పెట్రోలు దొంగల బెడద ఉంటే తీసుకోండి, కానీ మీ కారుకే చేసినది, ఈవ్యాప్‌కి పనికొస్తుందని రాసి ఉన్నది తీసుకోండి. తాళం గుండా కూడా గాలి చొరకుండా చూడాలి కాబట్టి చవకరకం తాళం మూతల్లో లీకుకి ఇంకో సందు ఉన్నట్టే.

ఒక చిన్న విషయం, మరిచిపోతే పెద్ద నష్టం. పాత మూత మీద ఏ ఇంధనం పోయాలో రాసి ఉండొచ్చు. కొత్తదాని మీద అది లేకపోతే తలుపు లోపలివైపు కనపడేలా ఒక స్టిక్కరు అంటించండి. డీజిల్ కారులో పెట్రోలు పోస్తే ఇంజెక్షన్ పంపు దెబ్బతింటుంది, ఆ ఖర్చు ముందు మూత ధర లెక్కలోకే రాదు. యూరోపియన్ యూనియన్‌లో 2018 అక్టోబరు నుంచి కొత్త కార్ల మూత దగ్గరా, పంపు దగ్గరా ఒకే రకం గుర్తులు పెట్టించారు. పెట్రోలుకి వృత్తం, డీజిల్‌కి చతురస్రం. భాష రానివాళ్లు కూడా ఆకారాన్ని చూసి పోల్చుకోవచ్చు. చాలా మంచి ఆలోచన అది.

అసలు మూతే లేని కార్లు కూడా ఉన్నాయి. ఫోర్డ్ 2008 ప్రాంతంలో ఈజీ ఫ్యూయల్ పేరుతో తెచ్చింది. నాజిల్ పెడితే లోపలి స్ప్రింగు తలుపు తెరుచుకుంటుంది, తీస్తే మూసుకుంటుంది. అలాంటి కారుకి మూత వెతకడం వృథా. ఆ తలుపు రబ్బరు పాడైతే మెడ పైభాగాన్నే మార్చాల్సి రావచ్చు, అది ఇంటిపని కాదు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (కరెంటుతో ఛార్జ్ చేసుకుని, పెట్రోలుతో కూడా నడిచే కారు) ఉన్నవాళ్లకి ఇంకో జాగ్రత్త. వీటిలో ఇంజిన్ రోజుల తరబడి నడవకపోవచ్చు కాబట్టి ఆవిరిని కాల్చే అవకాశం ఉండదు, అందుకని చాలావాటిలో ట్యాంకుని ఒత్తిడితో మూసి ఉంచుతారు. లోపలి బటన్ నొక్కి, ఒత్తిడి తగ్గిందని డ్యాష్‌బోర్డు చెప్పాకే మూత ముట్టుకోవాలి.

మార్చేటప్పుడు

ఇంజిన్ ఆపి, ఆరుబయట, నిప్పుకి దూరంగా చేయాల్సిన పని. ఇది మొక్కుబడి హెచ్చరిక కాదు. పెట్రోలు ఫ్లాష్ పాయింట్ సుమారు మైనస్ 43 డిగ్రీల సెల్సియస్. అంటే గడ్డకట్టే చలిలో కూడా అంటుకునేంత ఆవిరి దానిమీద ఎప్పుడూ ఉంటుంది. గాలిలో ఆ ఆవిరి 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉంటే ఒక్క రవ్వ చాలు. పైగా అది గాలికన్నా బరువు, పైకి పోకుండా నేలబారున పాకుతుంది. మూసి ఉన్న గ్యారేజీలో మూత తీసిపెట్టి, కొత్తది ప్యాకింగ్ విప్పుతూ కూర్చోవద్దు. కొత్తది విప్పి, పోల్చి చూసి, చేతిలో సిద్ధంగా పెట్టుకున్నాకే పాతది తీయండి. దానికి ముందు కారు ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకితే ఒంట్లోని స్టాటిక్ కరెంటు అక్కడే దిగిపోతుంది.

పాత మూతని కొద్దిగా తిప్పి ఒక క్షణం ఆగండి. గాలి చప్పుడు సద్దుమణిగాక పూర్తిగా విప్పండి. బిగుసుకుపోయి రాకపోతే కుడివైపుకి వీసమెత్తు బిగించి అప్పుడు ఎడమకి తిప్పితే చాలాసార్లు వచ్చేస్తుంది. సుత్తి, వేడి, ప్లయర్లతో పీకడం ఇవేవీ వద్దు.

కాస్త ఓపిక కావలసింది మూతకి కట్టి ఉన్న ప్లాస్టిక్ పట్టీ దగ్గర. పంపు దగ్గర మూత మరిచిపోకుండా పెట్టిన పట్టీ అది. దాని ఒక చివర ఉంగరంలా మూత చుట్టూ గాడిలో తిరుగుతుంది, రెండో చివర పుట్టగొడుగు తలలాంటి బొడిపెతో తలుపులోనో పక్క రేకులోనో ఉన్న రంధ్రంలో దిగి ఉంటుంది. ఆ బొడిపె రెక్కలు లోపల విచ్చుకుని ఉంటాయి. వెనకనుంచి వేలితో రెక్కలు దగ్గరికి నొక్కి తోస్తే బయటికొస్తుంది. చేయి పట్టకపోతే ప్లాస్టిక్ ట్రిమ్ పనిముట్టుతో నెమ్మదిగా ఎత్తాలి. స్క్రూడ్రైవరు వాడితే రంగు గీసుకుపోతుంది, ఆ గీత దగ్గరే తుప్పు మొదలవుతుంది. కొత్త పట్టీ బొడిపెని నిటారుగా పెట్టి బొటనవేలితో నొక్కితే టప్‌మని కూర్చుంటుంది. ఉంగరం గాడిలో స్వేచ్ఛగా తిరుగుతోందో లేదో చూసుకోండి. అది మెలిపడితే మూత బిగించేటప్పుడు పట్టీ రబ్బరుకీ అంచుకీ మధ్య చిక్కుకుంటుంది. కొత్త మూత పెట్టాక కూడా లైటు వెలిగే కార్లలో ఈ చిక్కుకున్న పట్టీ కూడా ఒక కారణం. రెండు భాగాల మధ్య ఒక మిల్లీమీటరు సందు చాలు కదా కంప్యూటర్‌కి.

మెడ అంచుని దూది రాలని గుడ్డతో తుడిచి, మూత పెట్టి ముందు ఎడమకి కొద్దిగా తిప్పితే మరలు సరిగా కలుస్తాయి, అప్పుడు కుడికి తిప్పండి. అడ్డంగా మర పడితే అక్కడితో మెడ పాడవుతుంది కాబట్టి బలవంతం చేయకూడదు. కొన్ని మూతలకి ఒక్క క్లిక్ చాలు, కొన్నిటి మీద మూడు క్లిక్‌లు అని రాసి ఉంటుంది. రాసిన ప్రకారమే చేయండి. రబ్బరుకి గ్రీజు, వ్యాసలీన్ లాంటివి పూయొద్దు, పెట్రోలియం జిడ్డు కొన్ని రబ్బర్లని ఉబ్బిస్తుంది, దుమ్మునీ పట్టి ఉంచుతుంది.

కొత్త మూత చేతికి అందేలోగా మెడలో గుడ్డ కుక్కడం చాలామంది చేసే పని. దయచేసి అది చేయకండి. గుడ్డ పెట్రోలు పీల్చుకుని బయటికి వత్తిలా నిలబడుతుంది. పలచటి ప్లాస్టిక్ కవరు కడితే మెత్తబడి, చిరిగి ముక్కలు లోపలికి పోవచ్చు. చాలా కార్లలో మూత కింద స్ప్రింగు రేకు తలుపు ఒకటి ఉంటుంది, అది ఆవిరిని ఆపలేదు కానీ మామూలు కుదుపులకి పెట్రోలు చిందకుండా కాస్త కాపాడుతుంది. ట్యాంకు పూర్తిగా నింపకుండా, ట్యాంకు తలుపు మూసి, మెల్లగా నడుపుకుంటూ ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా సరైన మూత వేయించండి. బండి పల్టీ కొట్టే ప్రమాదంలో ఇంధనం బయటికి రాకుండా ఆపే అడ్డుకట్టల్లో మూత కూడా ఒకటి.

మూత మార్చారు, లైటు ఆరలేదు

చాలామంది కంగారు పడేది ఇక్కడే. కొత్త మూత పెట్టి తాళంచెవి తిప్పగానే లైటు ఆరుతుందని ఎదురుచూస్తారు. అలా ఆరదు. కంప్యూటర్ ఈవ్యాప్ పరీక్ష మళ్లీ చేయాలి, ఆ పరీక్షకి దానికంటూ కొన్ని షరతులుంటాయి. చాలా కార్లలో ట్యాంకు 15 నుంచి 85 శాతం మధ్య నిండి ఉండాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక స్టార్ట్ చేయాలి. వాతావరణం మరీ వేడిగానో మరీ చలిగానో ఉంటే పరీక్ష వాయిదా పడుతుంది. ఇవన్నీ కలిసొచ్చి, వరుసగా మూడు డ్రైవ్ సైకిళ్లలో (బండి స్టార్ట్ చేసి, నడిపి, ఆపితే ఒక సైకిల్) పరీక్ష గట్టెక్కితే లైటు దానంతటదే ఆరిపోతుంది. మూత మార్చిన రోజే ట్యాంకు నింపేసి లైటు ఆరలేదని కొత్త మూతని అనుమానించేవాళ్లు ఈ షరతు ఒక్కసారి గుర్తుచేసుకోవాలి. నిండు ట్యాంకుతో పరీక్షే మొదలుకాదు.

కోడ్‌లు చదివే స్కానర్ ఉంటే కోడ్ చెరిపేయొచ్చు, లైటు వెంటనే పోతుంది. కానీ కోడ్‌తో పాటు కంప్యూటర్ అప్పటిదాకా పూర్తిచేసిన మిగతా పరీక్షల ఫలితాలు కూడా చెరిగిపోతాయి. పొగ తనిఖీకి ఓబీడీని చూసే చోట్ల ఆ కారుని ‘సిద్ధంగా లేదు’ అని వెనక్కి పంపుతారు. తనిఖీ దగ్గర్లో ఉంటే చెరపకుండా నాలుగు రోజులు నడపడమే మేలు.

ఈ సందర్భంలో పెట్రోలు పోయించుకునే అలవాటు గురించి ఒక మాట. నాజిల్ టక్‌మని ఆగాక కూడా, ఇంకాస్త, ఇంకాస్త అంటూ మూతిదాకా నింపిస్తుంటారు. ఆ ఎక్కువ పెట్రోలు ద్రవంగానే ఆవిరి గొట్టంలోకి ఎక్కి బొగ్గు డబ్బాలోకి చేరుతుంది. ఆవిరిని పట్టుకోవడానికి చేసిన బొగ్గు పెట్రోలులో నానిపోతే పాడవుతుంది, గుళికలు విరిగి వాల్వ్‌లలో చేరుతాయి. పెట్రోలు పోయించుకున్న వెంటనే ఇంజిన్ స్టార్ట్ అవడానికి మొరాయించడం, కారు వెనక పచ్చి పెట్రోలు వాసన రావడం దీని లక్షణాలు. ఆ తర్వాత వచ్చే కోడ్ కూడా అదే పీ0400ల వరసలోదే కాబట్టి నింద మూత మీద పడుతుంది. మొదటి క్లిక్‌కి ఆపేస్తే ఈ గొడవే ఉండదు.

సరైన మూత పెట్టి, మెడ శుభ్రం చేసి, వారం పది రోజులు నడిపాక కూడా లైటు వెలుగుతూనే ఉంటే, లేదా ఆరి మళ్లీ అదే కోడ్ వస్తే ఇంకో మూత కొనకండి. అక్కడినుంచి పని స్మోక్ టెస్ట్‌ది. ఈవ్యాప్ గొట్టాల్లోకి హాని చేయని పొగని అతి తక్కువ ఒత్తిడితో పంపుతారు, చిల్లున్న చోట అది సన్నటి తీగలా బయటికొస్తుంది, లైటు వేసి చూస్తే ఇట్టే దొరుకుతుంది. మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు కోడ్ నంబరు, అది పెట్రోలు పోయించిన తర్వాతే వస్తోందా, మూత ఎప్పుడు మార్చారు, దాని పార్ట్ నంబరు ఏది అన్నవి చెవిన వేయండి. పర్జ్ వాల్వ్ దగ్గర మొదలుపెట్టాలా, ట్యాంకు మెడ దగ్గర మొదలుపెట్టాలా అన్నది అతనికి ఆ వివరాలతోనే తెలిసిపోతుంది.